పాత విమానాన్ని మొదటిసారి నడపబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే వారం ఆ పాత రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన ఇంజన్) విమానాన్ని నువ్వే స్వయంగా నడపబోతున్నావని రాసిన ఉత్తరం అందింది. ఎంతో సంతోషించాను. దానితోపాటు కొంత దిగులు కూడా కలిగింది. దానికి కారణం చెప్పకుండా ఆశీర్వదించి ఊరుకోవడం నాకు చేతకాదు.

నా తొలి రోజుల్లో, మూడు వారాలు కదలకుండా నిలిచి ఉన్న అటువంటి విమానాన్నే ఒక ఉదయం తొందర తొందరగా బయలుదేరదీశాం. ప్రొపెల్లరును చేత్తో తిప్పి చూశారా అని నేను అడిగితే ఎవరో తల ఊపారు, నేను నమ్మాను. స్టార్టర్ నొక్కగానే ప్రొపెల్లర్ ఒక్క క్షణం బిగుసుకుపోయినట్టు ఆగి, తరువాత తిరిగింది. నేల విడిచిన కొద్దిసేపటికే ఇంజన్ పగిలింది. ఎదురుగా ఉన్న పొలంలో దింపగలిగాం గానీ, నా పక్కన కూర్చున్న పైలట్ ఆ తరువాత ఎన్నడూ కర్ర లేకుండా నడవలేదు.

ఇంజన్ విప్పినప్పుడు అడుగు సిలిండర్‌లో పిస్టన్‌ను ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగి విరిగి కనిపించింది. రేడియల్ ఇంజన్‌లో కొన్ని సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి కనుక, ఇంజన్ ఆగి ఉన్న రోజుల్లో ఆయిల్ పిస్టన్ రింగులను దాటి నెమ్మదిగా వాటిలోకి చేరుతుంది. గాలి నొక్కితే కుదించుకుంటుంది, ఆయిల్ కుదించుకోదు. అందుచేత స్టార్టర్ బలమంతా ఆ రాడ్ మీదే పడుతుంది. వంగిన రాడ్ అప్పటికప్పుడు విరగకపోవచ్చు, గాల్లోకి లేచాక విరగవచ్చు.

కాబట్టి స్పార్క్ ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు, ఇంధనం ఆపివేసి ఉన్నాయని చూసుకుని, మాన్యువల్ చెప్పినన్ని బ్లేడ్లు దాటేదాకా ప్రొపెల్లరును అది తిరిగే దిక్కులోనే నీ చేత్తో తిప్పు. స్విచ్ ఆపి ఉన్నా ఒక తీగ తెగితే మాగ్నెటో ఇంకా సజీవంగానే ఉండవచ్చు గనుక, ఇంజన్ ఏ క్షణాన్నైనా అంటుకుంటుందన్న జాగ్రత్తతోనే బ్లేడును పట్టుకో. ఎక్కడైనా చేతికి అడ్డు తగిలితే బలం ఉపయోగించకు, వెనక్కి తిప్పకు. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి వెళ్ళి, ఇంజన్ అంటుకోగానే మళ్ళీ సిలిండర్‌లోకి వస్తుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆయిల్ కారనివ్వు, ఆ రోజు ప్రయాణం ఆలస్యమైనా సరే.

ఇంధనం విషయంలోనూ గేజును నమ్మవద్దు, ట్యాంకులో కొలకర్ర ముంచి చూడు. అడుగున ఉన్న డ్రెయిన్ నుంచి గాజు పాత్రలోకి కొంత పట్టి వెలుతురుకు ఎత్తితే, పెట్రోలు కన్నా బరువైన నీరు కింద ముత్యంలా నిలుస్తుంది. పాత్ర నిండా నీరే వస్తే మాత్రం గీత ఏదీ కనిపించక అంతా శుభ్రంగా ఉన్నట్టే తోస్తుంది, అందుకని రంగూ వాసనా కూడా చూడాలి.

ఇక కంట్రోళ్ళు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే బాంబరు విమానం, నిలిపి ఉన్నప్పుడు దాని కదిలే కంట్రోలు పలకలు గాలికి ఊగకుండా బిగించే తాళం తీయకుండానే పైకి లేచి, నిట్టనిలువుగా ఎక్కి కూలిపోయింది. ఇద్దరు మరణించారు. నడిపినవారు అనుభవం లేనివారు కారు. ఆ ప్రమాదం తరువాతే వ్రాతపూర్వకమైన చెక్‌లిస్టు వాడుక విస్తరించింది. నువ్వు కూడా తాళాలూ, గాలిలో వేగం కొలిచే పిటో ట్యూబ్ తొడుగూ లెక్కపెట్టి తీసి, కాక్‌పిట్‌లో కూర్చున్నాక కంట్రోళ్ళను చివరిదాకా కదిపి, అవి కదిలే దిక్కు సరైనదేనా అని కళ్ళతో చూడు.

బరువు లెక్కను కూడా కంప్యూటర్ ఇచ్చిన కాగితానికే వదిలిపెట్టవద్దు. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో 20 మందితో కూలిన 1939 నాటి యుంకర్స్ 52 విమాన ప్రమాదానికి ప్రధాన కారణం ఇరుకైన లోయలో చాలా తక్కువ ఎత్తున ఎగరడమే అయినా, గురుత్వ కేంద్రం (విమానం బరువంతా సమతూకంగా నిలిచే బిందువు) వెనుక వైపు హద్దును దాటి ఉందని కూడా దర్యాప్తులో తేలింది. ప్రయాణికులు ఏ సీట్లలో కూర్చుంటారో స్వయంగా అడిగి లెక్క వెయ్యి.

ఈ పనులు చేస్తుండగా ఎవరైనా పలకరిస్తే మర్యాదగా జవాబు చెప్పి, తనిఖీని మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించు. ఆనాటి ఉదయం నేను అడిగిన ప్రశ్నకు తల ఊపిన వ్యక్తి, ప్రొపెల్లరును సగం తిప్పాక ఫోను వచ్చి లోపలికి వెళ్ళినవాడే.

ప్రయాణం ముగిశాక ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న