కొండకర్ల ఆవకు వెళ్లే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు "ఇప్పుడు అన్నీ శాటిలైట్లోనే కనిపించేస్తాయి కదా పెదనాన్నా, మా సార్ ఊరికే ఫీల్డుకి తిప్పుతున్నారు" అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మ "పిల్ల అడిగితే చెప్పాలి గానీ నవ్వుతారేంటి" అని కసిరింది. అందుకే ఈ ఉత్తరం. ఇంత పొడుగు ఫోన్లో టైపు చెయ్యడం నావల్ల కాదు. కాయితాలు ఫొటో తీసి పంపమని మీ తమ్ముడికి ఇస్తాను.

నువ్వు వచ్చే వారం వెళ్లేది కొండకర్ల ఆవకే, ఆ మంచినీటి సరస్సుకే కాబట్టి, ముందు ఆ ఆవలో నేను పడ్డ కథ చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేలని బొమ్మలు తీసే మన మొదటి ఐఆర్ఎస్ ఉపగ్రహాన్ని పైకి పంపారు. 1988 మార్చి 17, అప్పటి సోవియట్ దేశంలోని బైకనూర్ నుంచి. అందులో ఒక కెమెరాకి పిక్సెల్ 72.5 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఎకరం ముప్పై సెంట్ల నేల అంతా కలిపి ఒక్క చుక్క. ఆ చుక్కలో గట్టు ఉన్నా, గుడిసె ఉన్నా, గేదె ఉన్నా అంతా ఒకటే రంగు. నువ్వు ఇప్పుడు డబ్బు కట్టకుండా దింపుకుంటున్న యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలో ఒక చుక్క పది మీటర్లు, అంటే 120 గజాల ఇంటి స్థలం. మీరు అదృష్టవంతులు. కాకపోతే 120 గజాల్లో కూడా చాలా దాక్కోగలవని గుర్తుంచుకో.

అప్పట్లో బొమ్మలు ప్రింట్లుగా వచ్చేవి. లైట్ టేబుల్ మీద పరిచి, పైన ట్రేసింగ్ పేపర్ వేసి పెన్సిల్‌తో గీసేవాళ్లం. వాటిలో పచ్చని ఆకు ఎర్రగా కనిపిస్తుంది. మన కంటికి అందని పరారుణ కాంతిని ఆకు బాగా తిప్పికొడుతుంది, దానికి బొమ్మలో ఎరుపు ఇస్తారు. నీళ్లు ఆ కాంతిని మింగేస్తాయి కాబట్టి నల్లగా ఉంటాయి. ఎరుపు పంట, నలుపు నీళ్లు, అంతే కదా అనుకున్నాను. ఆవలో పెద్ద ముక్క ఎర్రగా ఉంటే సాగుభూమి అని గీసేసి, సంతకం పెట్టేసి, సరిచూడ్డానికని వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన తాటి దోనె మీద నన్ను ఎక్కించుకుని నేరుగా నా 'సాగుభూమి'లోకి తోశాడు. అంతా తామరాకు, గుర్రపు డెక్క. నేను నమ్మలేక ఒక కాలు కింద పెట్టాను. నడుము లోతు నీళ్లు! మ్యాపుతో సహా మునిగాను. ఆయన నవ్వలేదు, అదొక్కటే దయ.

ఈ పొరపాటు కంప్యూటర్ కూడా చేస్తుంది. బొమ్మలో నీళ్లు ఎక్కడున్నాయో తేల్చడానికి మీరు వాడే నీటి సూచిక ఆకుపచ్చ కాంతికీ పరారుణ కాంతికీ ఉన్న తేడా మీద లెక్క కడుతుంది. నీళ్ల మీద ఆకు పరుచుకుంటే దానికి కనిపించేది ఆకే. డెక్క పెరిగిన నెలలో 'ఆవ తగ్గిపోయింది' అంటుంది. ఆ నెల నిజానికి ఆవ నిండుగా ఉండొచ్చు. కాబట్టి అంచులు నడిచి చూడు. చుట్టూ కనీసం ముప్పై చోట్ల జీపీఎస్ పాయింటు తీసుకుని, ప్రతిచోటా నీళ్లా, నీళ్ల మీద ఆకా, తడి నేలా, పొడి నేలా అని నాలుగింట్లో ఒకటి రాసుకో. చేతి జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. పది మీటర్ల చుక్కకి అది సరిపోతుంది గానీ, సరిగ్గా అంచు మీద నిలబడి పాయింటు తీసుకుంటే ఏ చుక్కలో పడుతుందో దేవుడికే తెలుసు. కాస్త లోపలికో బయటికో జరిగి తీసుకో. ఇంకో మాట. మీ డిపార్టుమెంటులో పాత టోపోషీట్లు, అంటే సర్వే మ్యాపులు ఉంటే అవి భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్కలో ఉంటాయి, నీ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్కలో ఉంటుంది. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే గట్టు వెళ్లి చెరువు మధ్యలో కూర్చుంటుంది.

రోజు ఎలా ఎంచుకోవాలో నీకెవరూ చెప్పి ఉండరు. సెంటినెల్-2 ఐదు రోజులకోసారి, అమెరికా వాళ్ల లాండ్‌శాట్ 8, 9 కలిపి ఎనిమిది రోజులకోసారి మన మీదుగా పోతాయి. ఎప్పుడూ ఉదయం పది, పదకొండు మధ్యనే. మన గడియారం లెక్కకి ఆధారమైన రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి మనకి ఎండ టైమూ గడియారం టైమూ దాదాపు ఒకటే, వేరే లెక్కలు అక్కర్లేదు. ఉపగ్రహం పోయే రోజున ఆ గంటలోనే నువ్వు ఆవ మధ్యలో ఉండాలి. నీళ్ల రంగు, మురికి, నాచు మధ్యాహ్నానికి మారిపోతాయి. గాలి లేచాక అడుగు మట్టి కదులుతుంది. బొమ్మ పదిన్నరది, నీ నీళ్లు మూడు గంటలవి అయితే రెండింటికీ పొత్తు కుదరదు. అంటే ఇంట్లో ఆరింటికల్లా బయల్దేరాలి. నిద్ర సంగతి నాకు తెలుసు, ఆ ఒక్క రోజుకి ఓర్చుకో.

నీళ్ల నుంచి తిరిగొచ్చే వెలుగుని రంగు రంగుకీ విడిగా కొలిచే స్పెక్ట్రోరేడియోమీటర్ కూడా ఇస్తున్నారన్నావు. సంతోషం. ఆ రోజు తెల్ల చుడీదార్ మాత్రం వేసుకోకు. నీ బట్టల వెలుగు కూడా అందులోకి దూరుతుంది. ముదురు రంగు వేసుకో, నీ నీడ నీళ్ల మీద పడకుండా నిలబడు, ప్రతి కొలతకి ముందు పోలిక కోసం దానికి తెల్ల పలకని చూపించు. సూర్యుడు నీళ్లలో తళుక్కుమనే వైపు దాన్ని అసలు తిప్పకు.

ఇక నీళ్లు పట్టడం. ఇక్కడ కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పాడయ్యేదంతా ఇక్కడే పాడవుతుంది. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడుగు. దోనె ముందువైపు నుంచి పట్టు, వెనక వైపు తెడ్డు కలిపిన బురద ఉంటుంది. ప్రాణవాయువు కోసం పట్టే 300 మిల్లీలీటర్ల సీసాలో ఒక్క బుడగ ఉన్నా పారబోసి మళ్లీ పట్టు. మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షార అయొడైడ్ అక్కడే దోనెలోనే వెయ్యాలి. ఒడ్డుకి వెళ్లాక వేద్దాంలే అంటే కుదరదు. గోధుమరంగు మడ్డి దిగితే నీళ్లలో ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. డెక్క దట్టంగా పరుచుకున్న చోట, ఆ ఆకుల కింద నుంచి పట్టిన సీసాలో మడ్డి తెల్లగా దిగడం నేను చూశాను. చుట్టూ అంత పచ్చదనం, కింద చేప బతకలేని నీళ్లు. ఉపగ్రహం దాన్ని నిగనిగలాడే ఆరోగ్యంగా చూపిస్తుంది.

డిజిటల్ మీటరు ఉన్నా మొదటి రోజు ఒకటి రెండు సీసాలు ఈ పద్ధతిలో చేసి పోల్చు. మీటర్లు మర్యాదగా అబద్ధం చెబుతాయి. పీహెచ్ మీటర్ని కూడా పొద్దున్నే పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో సరిచూసుకో, నిన్న చూశాం కదా అనుకోకు. పట్టిన టైము తప్పకుండా రాయి. తెల్లవారకముందు ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ, నాచు ఉన్న నీళ్లలో మధ్యాహ్నం ఎక్కువ. ముప్పై డిగ్రీల నీళ్లు మామూలుగా పట్టి ఉంచగలిగేది లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. మధ్యాహ్నం అంతకు మించి వస్తే మీటరు చెడిపోయిందని కంగారు పడకు, నాచు ఎండలో ఒళ్లు వంచి పనిచేస్తోందన్నమాట. వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున కూడా కొలవండి. ఒంటరిగా మాత్రం వద్దు.

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసే సెక్కీ పలక నా దగ్గర ఉంది. ఇరవై సెంటీమీటర్ల గుండ్రటి రేకు, నలుపు తెలుపు ముక్కలు. 1865లో ఇటలీలో సెక్కీ అనే ఫాదర్ పోపుగారి ఓడ మీద నుంచి దించి చూశాడు, ఇప్పటికీ దాన్ని మించిన చవక పరికరం రాలేదు. దోనె నీడ వైపు దించు. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు రెండూ రాసి సగటు తియ్యి. ఆవలో చాలాచోట్ల పలక మాయం కాకముందే అడుగు తగులుతుంది. అప్పుడు 'అడుగు తగిలింది' అని రాయి. అంకె కావాలని ఏదో ఒకటి వెయ్యొద్దు.

వానాకాలం వచ్చిందంటే మీ సెంటినెల్-2లో మబ్బులు తప్ప ఏమీ ఉండవు. అప్పుడు రాడార్ బొమ్మలు చూడాలి. సెంటినెల్-1 ఉంది, 2025 జులైలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన రాడార్ ఉపగ్రహం నైసార్ ఉంది. రాడార్‌కి మబ్బు అడ్డం కాదు, రాత్రి అడ్డం కాదు. కదలని నీళ్లు దానికి నల్లగా కనిపిస్తాయి, ఎందుకంటే అది పంపిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది. గాలికి అలలు లేస్తే ఆ నీళ్లే తెల్లబడతాయి. అందుకే గాలి ఎంత ఉందో కూడా నోటుబుక్కులో రాయమనేది.

నీ ప్రాజెక్టులో నగరం చుట్టూ ఉన్న చెరువులు, గెడ్డలు (వాగులు) కూడా ఉన్నాయన్నావు. డిసెంబరు, జనవరి బొమ్మల్లో జాగ్రత్త. ఎండ వాలుగా పడుతుంది కాబట్టి సింహాచలం కొండలు, కంబాలకొండ వెనక నీడలు నీళ్లలాగే నల్లగా ఉంటాయి. బొగ్గు గుట్టలూ అంతే. ఒకసారి మా దగ్గర ఒక కుర్రాడు కొండ మీద కొత్త చెరువు కనిపెట్టాడు. వాలు మీద నీళ్లెలా నిలుస్తాయిరా అని ఎవరూ అడక్కుండానే రిపోర్టు పైకి వెళ్లిపోయింది! అడగాల్సింది నేనే, సెలవులో ఉన్నాను.

బీచి సంగతి నువ్వు అడగలేదు గానీ, మీ సార్ రేపో మాపో అప్పగిస్తారు. ఆర్కే బీచిలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. పోర్టు అడ్డుగోడలు దాన్ని ఆపుతాయి, అందుకే అక్కడ తవ్విన ఇసుకని ఇటు తెచ్చి పోస్తుంటారు. రెండు ఏళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి తీరం ఇన్ని మీటర్లు కోసుకుపోయిందని చెప్పేవాళ్లని ముందు పోటు సంగతి అడుగు. ఇరవై అడుగులకి ఒక అడుగు వాలు ఉన్న ఒడ్డు మీద నీటిమట్టం ఒక మీటరు పెరిగితే నీటి అంచు ఇరవై మీటర్లు లోపలికి వస్తుంది. సెంటినెల్ బొమ్మలో అది రెండు చుక్కలు. సముద్రం ఏమీ తినలేదు, పోటు వచ్చిందంతే. ఒకే నెల బొమ్మలు తీసుకో, పోటు పట్టిక చూసుకో.

సముద్రం అన్నాక ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడివాళ్లతో కలిసి సముద్రంలోకి వెళ్లి లోతు లోతుకీ ఉష్ణోగ్రత కొలిచాడు. వాల్తేరు తీరంలో అడుగు చల్లనీళ్లు పైకి రావడం అలా రాశారు. ఈరోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఉపగ్రహం నుంచి నీటి వేడి, నాచు రంగు చూసి మన జాలర్లకి చేపలు దొరికే చోట్లు చెబుతున్నారు. పడవ మీద వాంతులు చేసుకుంటూ దారం దించినవాళ్ల లెక్కలు లేకపోతే ఆ రంగులకి అర్థం చెప్పేవాళ్లు ఎక్కడుండేవారు?

నూతుల్లో నీటిమట్టం కూడా కొలుస్తారా? భూగర్భ జలాన్ని కూడా పైనుంచి తూస్తున్నారు. 2002లో వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో పోతూ, కింద బరువు మారితే తమ మధ్య దూరం మారడాన్ని పట్టుకునేవి. అది రాష్ట్రాలకి రాష్ట్రాల లెక్క, ఒక ఊరి నూతికి పనికిరాదు. నూతికి టేపు, దాని చివర సుద్ద రాసుకుని దించడం, అంతే. మోటారు ఆపి ఎంతసేపయిందో అడిగి మరీ దించు.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబరు 12. కిటికీలకి మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. తర్వాత బొమ్మల్లో కంబాలకొండ, కైలాసగిరి పచ్చదనం పోయి మట్టి రంగు వచ్చింది. కొన్నాళ్లకి అంకెల్లో పచ్చదనం తిరిగొచ్చేసింది, కోలుకుందని సంబరపడ్డారు. వెళ్లి చూస్తే చాలాచోట్ల వచ్చింది గడ్డి, తీగలు, మోడులకి పట్టిన చిగుళ్లు. పడిపోయిన చెట్లు పడే ఉన్నాయి. పచ్చదనం సూచికకి గడ్డీ చెట్టూ ఒకటే.

డ్రోన్ అన్నావే, అది నేవీ ఊరమ్మా. విమానయానాన్ని చూసే డీజీసీఏ వాళ్ల మ్యాపులో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరెయ్యకూడని ఎర్ర జోన్ ఎక్కడుందో చూడకుండా, రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టె కూడా తెరవొద్దు. స్టేషన్లో కూర్చుని మీ సార్‌కి ఫోన్ చేసే పరిస్థితి తెచ్చుకోకు.

పెన్సిల్ తీసుకెళ్లు, తడిస్తే పెన్ను రాత పోతుంది. సీసాల మీద చీటీ నీళ్లు పట్టకముందే అంటించు, తడి సీసాకి అంటదు. ఐసు పెట్టె, టోపీ, ఓఆర్ఎస్. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ లేకుండా దోనె ఎక్కొద్దు, రెండు తాటి మొద్దులు కలిపి కట్టింది అది, పక్కకి వంగితే చాలు.

అక్కడి జాలర్లతో వెళ్లగానే ఆక్రమణల గురించి మొదలెట్టకు, నువ్వు ఏ ఆఫీసు మనిషివో అని నోరు మూసుకుంటారు. ముందు మంచినీళ్లు అడుగు. హుద్‌హుద్ అప్పుడు నీళ్లు ఎందాకా వచ్చాయో చూపించమను. చెట్టో గట్టో గుడి మెట్టో చూపిస్తారు, అక్కడ పాయింటు తీసుకో. ఆ రోజుల్లో మబ్బుల వల్ల మీకు మంచి బొమ్మ దొరకని చోట వాళ్ల వేలే మీ ఉపగ్రహం. దోనె తోసినాయనకి డబ్బులు ముందే మాట్లాడుకుని, అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వు.

ఆదివారం భోజనానికి రా. సెక్కీ పలక తాడు మీద మీటరు గుర్తులు చెరిగిపోయాయి, ఇద్దరం కూర్చుని మళ్లీ రంగు వేద్దాం. మీ పెద్దమ్మ చేపల పులుసు చేస్తానంటోంది.

మీ పెదనాన్న