చదువు గురించి చదవబోతున్న అమ్మడికి

అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు. బెంగళూరులో ఎడ్యుకేషన్ ఎంఏ చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో పాఠాలు చెప్పినవాళ్ళం ఉన్నాం గానీ, చదువు ఎవరికోసం, ఎందుకోసం అని చదవడానికి వెళ్ళేది నువ్వే మొదలు. మీ పెద్దమ్మకి చెప్పి మురిసిపోయాను. రాత్రి పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది.

ఈ ఎంఏ ఒక్కదానితో డీఎస్సీ రాయడం కుదరదు. దానికి బీఈడీయో డీఈడీయో ఉండాలి, టెట్ పాసవ్వాలి. ఈ సంగతి నాన్నకి ఇప్పుడే చెప్పు. ఫీజు రాయితీకి దరఖాస్తు పెట్టు. వేళకి తిను.

గైడ్లు ముట్టుకోకు. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1916లో ప్రజాస్వామ్యం, విద్య గురించి రాసిన పుస్తకం మొదట కొరుకుడు పడదు. రోజుకి నాలుగు పేజీలైనా సరే, అసలుదే చదువు. అంబేద్కర్ కొలంబియాలో ఆయన పాఠాలు విన్నవారే. తరవాత జ్యోతిరావు ఫూలే 1882లో, బ్రిటిష్ వాళ్ళు చదువుల మీద వేసిన హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వాంగ్మూలం చూడు. రైతుల దగ్గర వసూలైన శిస్తు పైవర్గాల చదువుకి పోతోందని ఆయన మొరపెట్టుకున్నారు. అది చదివాక, ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన రాబడి మన డెల్టాలో ఎవరి పిల్లల్ని బడికి పంపిందో, ఎవరిని చేలో ఉంచిందో ఆలోచించు.

నా అసలు భయం వేరే ఉంది. నాతో పనిచేసిన ఒక మాస్టారు సెలవు పెట్టి ఎంఈడీ చేశారు. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది ఆయన థీసిస్. ఫారాలు అచ్చు వేయించి బడిబడికీ తిరిగి పంచారు. నింపింది ఎవరనుకున్నావ్? ఆ రోజు బడికొచ్చిన పిల్లలూ, మాస్టర్లూ! ‘తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు’ అన్న గడిలోనే టిక్కులన్నీ పడ్డాయి. మానేసిన పిల్లల్లో ఒక్కరినీ ఆయన అడగలేదు. వాళ్ళు నాట్లలో తల్లి పక్కన ఉన్నారు, చంటిదాన్ని ఎత్తుకుని ఇంట్లో ఉన్నారు, రొయ్యల చెరువుల దగ్గర ఉన్నారు. గోదావరి లంకల్లో అయితే వరదకి పడవ ఆగిపోతుంది. నీళ్ళు తగ్గి పిల్లలు వచ్చేసరికి పాఠాలు ముందుకెళ్ళిపోయి ఉంటాయి. పదిమందిలో అర్థంకాక కూర్చోలేక ఆ పిల్లలు మానేస్తారు. ఆయనకి తెలియదా? రోజూ వాళ్ళ గుమ్మాల ముందు నుంచే సైకిల్ మీద వచ్చేవారు. ఫారంలో వరదకి గడి లేదు, అంతే. డిగ్రీ వచ్చింది. ఆ తరవాత ఆయన కూడా స్టాఫ్‌రూమ్‌లో తల్లిదండ్రుల్నే తిట్టడం మొదలెట్టారు. అది నాకు ఇప్పటికీ బాధ.

2009 చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అంది. అందుకని ఇప్పుడు పేరు రిజిస్టర్లో ఉంటుంది, పిల్ల బెంచీ మీద ఉండదు. నువ్వు రిజిస్టర్ చూసి థీసిస్ రాశావంటే ఊరుకోను!

అలా రాయవులే. రెండో తరగతిలో నీ పక్కన కూర్చునే పిల్ల రాకపోతే, దాని పలక దానికి ఇచ్చేదాకా ఇంటికి రానని మొండికేసి నన్ను కాలవగట్టంతా నడిపించావు. ఆ మొండితనం అక్కడ పోగొట్టుకోకు తల్లీ.

టాపిక్ ఖాయం చేసే ముందు వానాకాలం సార్వా నాట్ల రోజుల్లో ఒక వారం ఇక్కడికి రా. లంకకి నేనే తీసుకెళ్తాను. నా మోకాళ్ళ సంగతి ఎత్తకు. సెలవులు ఎప్పుడో తెలియగానే ఫోన్ చెయ్యి, పడవవాడితో ముందే మాట్లాడి ఉంచుతాను.

మీ పెదనాన్న