వెనక బేరింగులు మార్చినా చక్రం ఊగుతుంటే ఇంకో సెట్టు కొనకండి

మీరు అడిగింది ఇదీ: వెనక వీల్ బేరింగులు రెండు వైపులా కొత్తవి వేయించారు, అయినా జాకీ మీద లేపి పట్టుకుంటే చక్రం ఊగుతోంది, బేరింగు డూప్లికేటా, మళ్లీ మార్పించాలా అని. మార్పించకండి. డూప్లికేటు బేరింగులు మార్కెట్లో లేవని అనను. కానీ వేయించిన కొత్తలోనే చేతికి తెలిసేంత ఊపు ఉందంటే తేడా బేరింగులో కాదు, దాన్ని కూర్చోబెట్టిన పద్ధతిలో ఉందని నా గట్టి నమ్మకం.

ముందు ఊగుతున్నది ఏదో తేల్చుకోండి. వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బండి వెనక భాగం లేపి స్టాండు మీద నిలపండి. మన ఇళ్ల ముందు కడప బండలే కాబట్టి జాకీ కింద మందపాటి చెక్క వేయండి, లేకపోతే బండ పగులుతుంది. తర్వాత హ్యాండ్ బ్రేకు దించండి. ఇది మర్చిపోయి ఊపు చూసేవాళ్లే ఎక్కువ. డ్రమ్ము బ్రేకుల బండిలో హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే లైనర్లు (లోపలి బ్రేకు పట్టీలు) డ్రమ్మును పట్టేసుకుంటాయి, ఉన్న ఊపు కూడా కనపడదు. ఇప్పుడు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఊగుతుండగానే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. తొక్కగానే ఊపు ఆగిపోతే తప్పు బేరింగు దగ్గరే. తొక్కినా ఊగుతుంటే బేరింగు జోలికి పోకుండా ఇరుసు బుష్షులు (అతుకుల్లోని రబ్బరు ముక్కలు), షాక్ అబ్జార్బర్ కింది బోల్టు చూడమనండి.

మాది కడప. కారు పాతది. వెనక డ్రమ్ము బ్రేకులు, ఒక్కో డ్రమ్ములో లోపలొకటి, బయటొకటి టేపర్ బేరింగులు, అంటే గోళీల బదులు ఏటవాలు రోలర్లు ఉండేవి. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో వెనక నుంచి విమానం మోత మొదలైంది. కుడివైపు మలుపు తిరిగితే పెరిగేది, ఎడమకు తిరిగితే తగ్గేది. అంటే బరువు ఎడమ చక్రం మీద పడ్డప్పుడల్లా మోత పెరుగుతోంది. కోవాకని ఆగినప్పుడు రెండు వెనక చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఎడమది బాగా వేడిగా ఉంది. మన ఎండలకు అన్నీ కాలుతూనే ఉంటాయి కాబట్టి ఒక్క చక్రం చూసి ఏమీ చెప్పలేం, రెండూ పోల్చి చూడాల్సిందే.

టౌన్లో ఒక షెడ్డులో రెండు వైపులా మార్పించాను. మోత పోయింది కానీ కొద్ది రోజులకే ఎడమ చక్రం పట్టుకుంటే టక్కు టక్కుమంది. షెడ్డాయన చక్రం విప్పనైనా విప్పకుండా, "బేరింగు డూప్లికేటొచ్చింది సార్, ఇంకో సెట్టు తెప్పియ్యండి" అన్నాడు. ఆ బేరింగులు ఆయన చెప్పిన కొట్లో కొన్నవే. నాకు ఒళ్లు మండింది. అక్కడ మాట పెంచకుండా ఎర్రగుంట్ల రోడ్డులో లారీ పనులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన మొదట చేసింది మా వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి "బ్రేకు తొక్కు నాయనా" అనడం. టక్కు ఆగిపోయింది. "హబ్బులోనే ఉండాది" (చక్రం నడిమి దిమ్మె, బేరింగు కూర్చునేది అందులోనే) అని మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి డ్రమ్ము బయటికి తీశాడు. లోపలి గ్రీజంతా గుడ్డతో తుడిచి, డ్రమ్ము తిరగేసి, కప్పు (బేరింగు బయటి రింగు) చుట్టూ బొటనవేలి గోరు తిప్పాడు. ఒకచోట గోరు దిగింది. కప్పుకీ డ్రమ్ములోని మెట్టుకీ మధ్య సన్నటి సందు. టార్చి వేసి నాకూ చూపించాడు. ఇత్తడి కడ్డీ కప్పు అంచుకు ఆనించి, ఇటో దెబ్బ, ఎదురుగా ఇంకో దెబ్బ వేస్తూ వచ్చాడు. డబ్ డబ్ మంటున్న చప్పుడు ఉన్నట్టుండి ఠంగుమంది. "ఇప్పుడు కూర్చునింది" అన్నాడు.

జరిగింది ఇదే. కప్పు మెట్టుదాకా దిగకముందే నట్టు బిగిస్తే ఆ పూటకు అంతా గట్టిగానే ఉంటుంది. నాలుగు గుంతల్లో పడేసరికి బండి బరువుకు కప్పు లోపలికి జరుగుతుంది, జరిగినంత మేర బిగువు పోతుంది. మన ఊళ్ల దగ్గర రంగు వేయని స్పీడు బ్రేకర్లు ఎన్నో మీకు తెలియనిది కాదు. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పోసేస్తున్నారు, రాత్రిపూట దగ్గరికొచ్చేదాకా కనపడవు. బేరింగులైనా బుష్షులైనా వాటి దెబ్బకు నిలవవు.

నట్టు బిగించడం కూడా పనితనమే. పెద్దాయన ఒక చేత్తో డ్రమ్ము తిప్పుతూ, రెండో చేత్తో అది బరువుగా తిరిగేదాకా పానాతో బిగించాడు. తిరుగుతుంటేనే రోలర్లు వాటి చోట్లో సర్దుకుంటాయి. తర్వాత నట్టు వదులు చేసి, ఈసారి ఉత్త వేళ్లతో బిగించి, గాడి కలిసినచోట కొత్త పిన్ను వేశాడు. టేపర్ బేరింగుకు వెంట్రుకవాసి వదులు ఉండాలి. అది కూడా లేకుండా బిగిస్తే వేడెక్కి, గ్రీజు కరిగి, బేరింగు మాడిపోతుంది.

మీ కారేదో మీరు రాయలేదు. కాస్త కొత్తదైతే బేరింగు, హబ్బు కలిపి ఒకే ముక్కగా వచ్చి ఉండొచ్చు. ఆ రకంలో సర్దుబాటు ఉండదు, చేతికి తెలిసే ఊపు అసలు ఉండకూడదు. నట్టును కంపెనీ చెప్పిన టార్కుకే, అంటే కొలిచిన బిగువుకే, బిగించాలి. అంచు గాడిలోకి కొట్టి లాక్ చేసే నట్టయితే విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. ఇంత వ్యాపారం చేసే షెడ్లలో ఒక టార్క్ రెంచ్ ఎందుకు పెట్టుకోరో నాకు అర్థం కాదు. పైపు తగిలించి బలం కొద్దీ లాగితే సరిపోతుందనుకుంటారు. ప్రెస్సుతో హబ్బులోకి దించే బేరింగును సుత్తితో లోపలి రేసు (రింగు) మీద కొట్టి దించేవాళ్లనూ చూశాను. ఆ దెబ్బ గోళీల మీదుగా పోయి రేసు మీద గుంటలు పడతాయి, కొత్త బేరింగే మోత పెడుతుంది. చివరికి డూప్లికేటని పేరు, రెండోసారి డబ్బు మనది.

ఒక్క సందర్భంలో మాత్రం షెడ్డువాళ్ల తప్పు ఉండదు. డ్రమ్ము తీయించినప్పుడు దగ్గరుండి, బేరింగు కూర్చునేచోట ఇరుసు మొన నీలంగా మారిందా, గీతలు పడిందా చూడండి. పాత బేరింగు రేసు దాని మీద తిరిగి అరగదీసి ఉంటే ఎన్ని సెట్లు మార్చినా ఊపు పోదు, ఆ ముక్కే మార్చాలి. ముందైతే బ్రేకు తొక్కించి చూడండి, ఊపు ఆగిందో లేదో కారు పేరుతో సహా ఇక్కడే రాయండి.