బీటెక్కా, ఐటీఐనా: అల్లుడికి మామయ్య ఉత్తరం

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

పదో తరగతి పాసయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ఎంపీసీలో చేర్చి ఎప్‌సెట్ రాయించాలని మీ నాన్న, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేస్తానని నువ్వు, ఇల్లంతా టెన్షన్‌గా ఉందట. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసినవాణ్ణి కాబట్టి ఆ రెండు దారుల్లో వచ్చిన పిల్లల్నీ దగ్గరుండి చూశాను. అదే రాస్తున్నాను.

మీ నాన్న మాటలో న్యాయం ఉంది. గ్రూప్-1కి, బ్యాంకు ఉద్యోగానికి డిగ్రీ ఉండాల్సిందే. కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కావాలన్నా ఇంజినీరింగ్ చదవాలి. నీ మనసు అటు ఉంటే నిస్సంకోచంగా ఇంటర్‌లో చేరు. కానీ అందరూ చేరుతున్నారని ఏదో ఒక కాలేజీలో చేరి, నాలుగేళ్లలో ఒక్క మోటారు కూడా విప్పకుండా, బ్యాక్‌లాగ్‌లతో బయటికొచ్చిన పిల్లలు మా దగ్గరికే హెల్పర్ పని అడుగుతూ వచ్చేవాళ్లు. వాళ్లను చూస్తే బాధేసేది. అలాంటి డిగ్రీ కన్నా బాగా నేర్చుకున్న పని ఎక్కువ విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

'బాగా' అన్నమాట మరిచిపోకు. సగం నేర్చిన ఎలక్ట్రీషియన్ తనకూ ప్రమాదమే, ఇంటివాళ్లకూ ప్రమాదమే. కాలేజీకి రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ఐటీఐ గడప తొక్కొద్దు. చేరేముందు వర్క్‌షాప్ చూడు. మోటార్లు తిరుగుతున్నాయా, వైండింగ్ పిల్లల చేత చేయిస్తున్నారా, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పట్టుకోనిస్తారా, పెద్ద మోటార్లను స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ విప్పి బిగించనిస్తారా అని అక్కడి సీనియర్లనే అడుగు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా, మార్చే పని 2024లో హైదరాబాద్ మల్లేపల్లిలో మొదలైంది. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే ముందు అక్కడికే వెళ్లు.

ట్రేడ్ రెండేళ్లు. అది అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు, ఎంత చెప్పినా తక్కువే. బీహెచ్‌ఈఎల్, రైల్వే లాంటి పెద్ద సంస్థలు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పిల్లల్ని తీసుకుంటాయి. స్టైపెండ్ తక్కువని బయట కూలికి వెళ్లిపోయేవాళ్లున్నారు. పని కోసం కరెంటు ఆపించే షట్‌డౌన్ ఎలా తీసుకోవాలి, లైన్ ఆపాక కూడా టెస్టర్‌తో చూడకుండా ఎందుకు ముట్టుకోకూడదు, రాత్రి రెండింటికి ప్యానెల్ బోర్డు ట్రిప్ అయితే మొదట ఏం చూడాలి, ఇవన్నీ పనిమీదే వస్తాయి, సీనియర్ పక్కన నిలబడితేనే వస్తాయి. ఆ తర్వాత వైరింగ్ పనికి ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకో. అనుభవం పెరిగాక సూపర్‌వైజర్ పర్మిట్, సొంతంగా పనులు పట్టాలంటే కాంట్రాక్టర్ లైసెన్స్. చేతిలో పని ఉన్నా ఈ కాగితాలు లేకపోతే కూలి రేటు దగ్గరే ఆగిపోతావు.

ఉద్యోగాలు లేవని మీ నాన్న భయం. జూనియర్ లైన్‌మన్ పోస్టుకు అడిగేదే ఎలక్ట్రికల్ ఐటీఐ. రాతపరీక్ష తర్వాత స్తంభం ఎక్కి చూపించాలి, అదీ తెలుసుకో. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కూ ఐటీఐతో దరఖాస్తు చేయొచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి పైకప్పు మీద పెట్టే 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ ఇస్తున్నారు. దేశంలో కోటి ఇళ్లు లక్ష్యం. వాటికి ఇన్వర్టర్ పెట్టి, ఎర్తింగ్ సరిగ్గా చేసేవాళ్లు కావాలి.

చదువు దారి కూడా మూసుకుపోదు. ఐటీఐ అయ్యాక ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, ఆ డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అందుకని లెక్కలు, ఇంగ్లిష్ వదిలేయకు.

కష్టం సంగతి కూడా దాచను. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద పని, పైకెక్కడం, బరువులు మోయడం ఉంటాయి. నలభై దాటాక మోకాళ్లు మాట వినవు. అప్పటికి సూపర్‌వైజర్‌వో, కాంట్రాక్టర్‌వో అయ్యుండేలా ముందు నుంచే చూసుకో. చుట్టాలు "కరెంటు పనా?" అని చులకనగా అంటే మీ అమ్మ నొచ్చుకుంటుంది. ఆమెకు ధైర్యం చెప్పాల్సింది నువ్వే.

పాడైన ఫ్యాన్ కనబడితే విప్పి చూడకుండా ఉండలేని పిల్లాడివి నువ్వు. అందుకే నా ఓటు ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కే, పైన రాసినవన్నీ పాటిస్తానంటేనే. ఈ ఉత్తరం అమ్మానాన్నలకు చదివి వినిపించు. కౌన్సెలింగ్‌కు మార్కుల మెమో, టీసీ, కుల ధృవీకరణ పత్రం ఇప్పుడే తీసి పెట్టుకో. ఈ ఆదివారం ముగ్గురూ మా ఇంటికి రండి. అప్రెంటిస్ చేస్తున్న పిల్లలిద్దరిని పిలుస్తాను, మీ నాన్న అడగాలనుకున్నవన్నీ వాళ్లనే అడగొచ్చు.

ఇట్లు,
మీ మామయ్య