సైకిల్ మీద వెళ్తున్న నాన్నను కారు గుద్దింది: 60 వేలకు రాజీ పడాలా?

ప్రశ్న: మా నాన్న వడ్రంగి, వయసు 52. ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి రోజూ సైకిల్ మీదే పనికి వెళ్తారు. నాలుగు నెలల కిందట పొద్దున్నే వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగితే ప్లేటు వేశారు. ప్రైవేటు ఆసుపత్రిలో లక్షా 42 వేలు అయ్యాయి. అందులో లక్ష నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఎఫ్ఐఆర్ అయింది. ఇప్పుడు కారు యజమాని 60 వేలు ఇస్తాను, రాజీ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. నాన్న పెట్టేద్దాం అంటున్నారు, ‘పాపం ఆ కుర్రాడు కావాలని గుద్దాడా’ అని. లాయర్ని పెట్టుకునే స్తోమత మాకు లేదు. నేను హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టనివ్వకండి. ముందు ఈ ఒక్క మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

నేను లాయర్ని కాదు, డబ్బు లెక్కలు చూసేవాణ్ని. కానీ ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తొస్తాడు. సైకిల్‌కి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పాలు పోసేవాడు, జీపు గుద్ది తొడ ఎముక విరిగింది, స్టేషన్ వరండాలో పెద్దమనుషులు కూర్చుని 15 వేలు ఇప్పించి కాగితం రాయించారు. ఆ డబ్బు మూడు నెలలు కూడా రాలేదు. ఏడాదిన్నర తర్వాత లోపలి రాడ్ తీయాలంటే మా అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. అప్పుడు మాలో ఒక్కరికి కూడా చట్టం తెలియదు, అడిగి చెప్పేవాళ్లూ లేరు.

మీ నాన్నగారి జాలి సంగతి మొదట మాట్లాడదాం, ఎందుకంటే ఈ ఇంట్లో నిర్ణయం అక్కడే ఆగింది. రోడ్డు మీద తిరిగే ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని చట్టం. అది సరిగ్గా ఇలాంటి రోజు కోసమే, బండి వల్ల దెబ్బ తగిలిన బయటి మనిషికి పరిహారం ఇవ్వడానికే ఉంది. పాలసీ అమల్లో ఉంటే మామూలుగా ఆ కుర్రాడి జేబులోంచి పోయేదేమీ ఉండదు, కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. కారు యజమాని ప్రీమియం కట్టేదే దానికి. ఈ మాట నాన్నగారికి నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఆయన మనసు నొప్పించకుండా ఒప్పించే దారి ఇదే. కారు నంబరుతో ప్రభుత్వ వాహన వివరాల యాప్ ఎంపరివాహన్‌లో చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. ప్రమాదం జరిగిన తేదీకి అది అమల్లో ఉందో లేదో చూసుకుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘మా సైకిల్‌కి ఇన్సూరెన్స్ లేదు కదండీ’ అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, గుద్దిన బండికి ఉంటే చాలు.

ఇక గడువు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో (పరిహారం ఎంతో తేల్చే కోర్టు) వేసే పిటిషన్‌కు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు వెళ్లాయి, అయినా మీరు దాన్ని నమ్ముకుని ఆగకండి. మీకు నాలుగు నెలలు అయిపోయాయి, చేతిలో ఉన్నవి రెండే. ఇంకో సంగతి, గెలిస్తే వచ్చే సొమ్ముపై వడ్డీని ట్రిబ్యునల్ మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తుంది, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. ప్రమాదం జరిగిన 90 రోజుల్లో పోలీసులు కూడా ట్రిబ్యునల్‌కు వివరమైన రిపోర్టు పంపాలని 2022 నిబంధనల్లో ఉంది. స్టేషన్‌కి వెళ్లి అది పంపారా అని అడగండి, పంపినా సరే మీ పిటిషన్ మీరు వేసుకోండి. దీనికి హైదరాబాద్‌కో ఇంకెక్కడికో తిరగనక్కర్లేదు, నాన్నగారు ఉండే చోటే వేయవచ్చు కాబట్టి రాజమండ్రి జిల్లా కోర్టు సరిపోతుంది.

ఇప్పుడు 60 వేలు ఎందుకు తక్కువో చూద్దాం. మీరు ఆసుపత్రి బిల్లు చూసుకుని ‘కొంతైనా వస్తోంది కదా’ అనుకుంటూ ఉండవచ్చు. కానీ అసలు నష్టం బిల్లులో లేదు, ఆ మణికట్టులో ఉంది. చెక్కకు చిత్రిక పట్టేటప్పుడు నాన్నగారి చేతిని మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు, ఎడమ చెయ్యి ముందు అదిమి పెడితే కుడి చెయ్యి వెనక నుంచి ఒంటి బరువంతా వేసి తోస్తుంది, ఆ బరువంతా పడేది మణికట్టు మీదే. ఉలి మీద సుత్తి దెబ్బ వేసినా, స్క్రూ బిగించినా తిరగాల్సింది అదే కీలు. ప్లేటు వేసిన చెయ్యి అన్నం కలుపుకోవచ్చు, సంతకం పెట్టవచ్చు, కానీ గుమ్మం బిగించగలదా? 2011లో సుప్రీంకోర్టు ఇదే తేడాను స్పష్టంగా చెప్పింది. డాక్టరు రాసే వైకల్యం శాతం వేరు, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత పోయిందన్నది వేరు. ఎడమ చెయ్యి పోతే గుమాస్తాకు జీతం ఆగకపోవచ్చు, అదే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు మొత్తం సంపాదన పోయినట్టే అని అందులో ఉదాహరణగా వడ్రంగినే చెప్పారు.

అంకెల్లో పెడతాను. నాన్నగారి సంపాదన నెలకు 18 వేలు అనుకుందాం. ఏడాదికి 2,16,000. సొంత పని చేసుకునే 50 నుంచి 60 ఏళ్లవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 10 శాతం కలుపుతారు, అది 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, అంటే 2,37,600. 51 నుంచి 55 ఏళ్ల వయసుకి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు లెక్కించాలో చెప్పే అంకె, 11, ఇది 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ కేసు తీర్పులోని పట్టిక. గుణిస్తే 26,13,600. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే 5,22,720, వడ్రంగి పని దృష్ట్యా 40 శాతం అని ఒప్పుకుంటే 10,45,440. ఆసుపత్రి ఖర్చు, పని లేకుండా పోయిన నెలల కూలీ, ముందు ముందు ప్లేటు తీయించే ఖర్చు, పక్కన సాయం ఉన్న మనిషికి, ఆటోలకు, తిండికి, పడిన నొప్పికి ఇచ్చేది ఇవన్నీ దీనికి అదనం. ఇంతా వచ్చేస్తుందని నేను మాట ఇవ్వడం లేదు, శాతం తక్కువ తేలవచ్చు, సైకిల్‌కి వెనక లైటు లేదనో అడ్డంగా వచ్చాడనో అవతలి లాయరు వాదిస్తే కొంత కోసేయవచ్చు. కానీ 60 వేలు ఈ లెక్కకు దరిదాపుల్లో కూడా లేదు.

సెక్షన్ 164 గురించి కూడా ఎవరైనా చెబుతారు. తప్పు ఎవరిదని నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి, ఎముక విరిగితే అది తీవ్ర గాయమే. త్వరగా తేలుతుంది, మంచిదే, కాకపోతే ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. మణికట్టు మామూలుగా తిరుగుతోందని డాక్టరు చెబితే 164 గురించి ఆలోచించవచ్చు. పని చేయలేకపోతున్నారంటే మాత్రం నా ఓటు 166కే.

లాయరు ఖర్చు గురించి భయపడుతున్నారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మిగతావారికి వార్షికాదాయ పరిమితి ఉంది, మీ నాన్నగారి సంపాదన చూస్తే అర్హత ఉండే అవకాశమే ఎక్కువ. సొంతంగా పెట్టుకుంటానంటే మోటారు ప్రమాద కేసులే చూసే లాయర్లను ముగ్గురిని కలవండి. ఫీజు ఎంత, ఎప్పుడెప్పుడు కట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. ‘వచ్చినదాంట్లో ముప్పై శాతం నాకు’ అనే బేరం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, బయట జరుగుతుందని తెలుసు, మీరు మాత్రం ఒప్పుకోకండి. ఆసుపత్రి దగ్గరో స్టేషన్ దగ్గరో ‘నేను చూసుకుంటా’ అని వెంటపడే మధ్యవర్తులకు అసలు కాగితాలు ఇవ్వకండి. ఖాళీ కాగితం మీద సంతకం, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకూడదు, లాయరుకైనా సరే. పిటిషన్ వేయగానే ఎంవీఓపీ నంబరు, అంటే మీ కేసు నంబరు, అడిగి తీసుకోండి, కోర్టుల ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. లాయర్ని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘డాక్టరును సాక్షిగా పిలిపిస్తారా?’ వైకల్యం సర్టిఫికెట్ ఒక్కటి ఫైలులో పెట్టి ఊరుకుంటే అందులో రాసిన శాతం నిలబడకపోవచ్చు.

ఆ సర్టిఫికెట్ కోసం ఆగి పిటిషన్ ఆలస్యం చేయకండి. పిటిషన్ ముందు పడాలి, చెయ్యి ఎంతవరకు కోలుకుంటుందో తేలాక ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డుకు వెళ్లి తెచ్చినది తర్వాత జత చేయవచ్చు. ఈలోగా ఆదాయానికి రుజువులు పోగుచేయండి, ఎందుకంటే జీతం చీటీ లేని మనిషికి ట్రిబ్యునల్ కనీస కూలీ లెక్కన వేసే ప్రమాదం ఉంది. పని ఇచ్చిన మేస్త్రీలు, ఇళ్లవాళ్లలో వచ్చి చెప్పగలిగేవారు ఎవరున్నారో చూడండి. ఏడాది ఫోన్‌పే స్టేట్‌మెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. కొలతలు, కూలీ రాసుకునే పాకెట్ నోటుబుక్ చాలామంది వడ్రంగుల దగ్గర ఉంటుంది, అది ఉంటే పారేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆటో డబ్బులు కూడా తేదీతో రాసిన ఒక కాగితం, అన్నీ ఒకే కవరులో పెట్టండి.

ఇప్పుడు అప్పు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, లక్షకి నెలకు 3 వేలు వడ్డీకే పోతోంది. కేసు రెండేళ్లు నడిస్తే 72 వేలు, అంటే మీకు ఇస్తామంటున్న రాజీ డబ్బు కంటే ఎక్కువ. అమ్మగారి దగ్గర బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు ముందు తీర్చేయండి, బ్యాంకు బంగారం రుణం వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. బంగారం మీద మమకారం ఎలాంటిదో మా ఇంట్లో చూశాను, కానీ ఈ వడ్డీకి తల ఒగ్గితే మూడు నెలలు తిరిగేసరికి ఆ 60 వేలకే సంతకం పెట్టాలనిపిస్తుంది, అవతలివాళ్లకు కావలసిందీ అదే. పరిహారం వస్తుందన్న ధైర్యంతో కొత్త అప్పు మాత్రం ఒక్క రూపాయి కూడా చేయకండి. ఎప్పుడైనా లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ మంచి మొత్తం ఇస్తానంటే ఆలోచించవచ్చు, అది రాజీయే అయినా జడ్జి సమక్షంలో జరిగేది, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. కాకపోతే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు, కాబట్టి పైన వేసిన లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. 2025 మే నుంచి మోటారు బండి వల్ల ప్రమాదం జరిగిన ఎవరికైనా మొదటి ఏడు రోజుల్లో లక్షా 50 వేల వరకు నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం ఉంది, సైకిల్ మీద వెళ్లేవారికీ వర్తిస్తుంది. 112కి ఫోన్ చేసి చేర్చేటప్పుడే ఆసుపత్రిలో ఆ మాట అడగండి. గుద్దిన బండి దొరక్కుండా పారిపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే వేరే పథకం ఉంది.

మీరు ఈ వారాంతం ఇంటికి వెళ్తున్నారంటే ఆ సైకిల్ ఎలా ఉందో అలాగే ఉంచమని చెప్పండి. వెనక చక్రం, మడ్‌గార్డు, క్యారేజీ వంగి ఉంటే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కారు వెనక నుంచే గుద్దిందని చెప్పడానికి మీ దగ్గర ఉన్న పెద్ద సాక్ష్యం అదే. పాత ఇనుప సామాను వాడికి వేసేయొద్దు, రిపేరుకీ ఇవ్వొద్దు. సోమవారం సెలవు పెట్టి నాన్నగారితో కలిసి జిల్లా కోర్టుకు వెళ్లి రండి.