పెరటి వంటింటికి సింకు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

భీమిలి ఇంటి పెరట్లో షెడ్డు వేసి వంటగది కడుతున్నామనీ, సింకు ఏది కొనమంటారనీ అడిగావు. ఫోన్లో చెబితే కొలతలు గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం మేస్త్రీకీ ప్లంబర్‌కీ కూడా చూపించు.

నువ్వు పంపిన ఫొటోల్లో సింకులన్నీ బాగానే ఉన్నాయి. కానీ సింకు కొనడం ఆఖరి పని తల్లీ. ముందు ఆ నీళ్లు ఎటు పోవాలో తేల్చు. ఇంట్లో సింకుకైతే పైపులు ముందే వేసి ఉంటాయి. పెరట్లో ఏమీ ఉండవు, దారి మనమే చూపించాలి. పైగా అక్కడ పారేది వట్టి సబ్బు నీళ్లు కాదు. చేపల పొలుసు, గంగాళం అడుగున మాడిన అన్నం, కట్టెల పొయ్యి మసి, ఆకుకూరల మట్టి, పులుసు జిడ్డు, అన్నీ అందులోకే వస్తాయి. వీటిని సెప్టిక్ ట్యాంకులోకి కలిపితే జిడ్డు పేరుకుని ట్యాంకు పని చెడుతుంది. వాన నీళ్ల కాలువలోకి వదిలితే వర్షాకాలంలో అంతా ఎదురు తన్ని మీ గుమ్మం ముందుకే వస్తుంది.

సింకు నుంచి వచ్చే పైపు దారిలో ఇటుకతో చిన్న చాంబర్ కట్టించు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు చాలు. లోపల గట్టిగా ప్లాస్టరింగ్ చేయించాలి. బయటికి పోయే పైపుకి 'టీ' (T అక్షరంలా మూడు మూతులుండే పైపు ముక్క) బిగించి, దాని కింది మూతి నీటి మట్టానికి ఓ తొమ్మిది అంగుళాలు లోపల మునిగి ఉండేలా పెట్టమను. జిడ్డు పైకి తేలి చాంబర్లోనే నిలిచిపోతుంది, కింది నీళ్లు మాత్రం బయటికి పోతాయి. వారానికోసారి మూత తీసి ఆ జిడ్డు తోడేయాలి. మూత సందుల్లేకుండా కూర్చోవాలి, లేకపోతే దోమలకి అదే ఇల్లు. అక్కడి నుంచి నీళ్లు అరటి పాదులకీ కొబ్బరి మొదలుకీ వదులు. ఆకుకూరల మడికి మాత్రం వద్దు. ఇంకుడు గుంత తీయిస్తే మీ బావికి కనీసం 50 అడుగుల దూరంలో తీయించు.

భూమిలో వేసే పైపు 75 మిల్లీమీటర్లది. దాని వాలు మీటరుకి రెండు సెంటీమీటర్లు, అంటే పది అడుగులకి రెండున్నర అంగుళాలు. ఇది నోటిమాటగా వదలొద్దు, మట్టి కప్పకముందే లెవెల్ ట్యూబ్ (నీళ్లు నింపి ఎత్తు సరిచూసే గొట్టం) పట్టించి నువ్వు దగ్గరుండి చూడు. సింకు కింద చేత్తో విప్పుకునే బాటిల్ ట్రాప్ పెట్టించు. అందులో నిలిచే నీరే వాసననీ బొద్దింకలనీ ఆపుతుంది. వేసవిలో మీరు ఊరెళ్తే ఆ నీరు ఎండిపోతుంది, తిరిగి రాగానే ఒక చెంబెడు నీళ్లు పోస్తే సరి.

ఇక సింకు సంగతి. మీ ఇల్లు సముద్రానికి దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. షాపులో 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని చెప్పి ఊరుకుంటారు, గ్రేడు ఏమిటో నువ్వే అడగాలి. చవకగా వచ్చేవి చాలావరకు 202. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన రకం అది, మీ గాలికి తొందరగా మచ్చలు పడుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, మామూలు ఊళ్లకి అది చాలు. సముద్రపు ఒడ్డుకి సరైనది 316. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు వల్ల పడే సన్నటి గుంటల్ని అది అడ్డుకుంటుంది. తయారుగా దొరక్కపోతే విశాఖలో హోటళ్లకి వంటసామాను చేసేవాళ్లని అడుగు, షీటు తెచ్చి చేసిస్తారు. అంత ఖర్చు వద్దనుకుంటే 304 తీసుకుని రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడిగి తుడవండి. షెడ్డు కింద ఉంది కదా, వాన తగలదు కదా అని ధీమా పడొద్దు. వాన తగిలేచోట ఉప్పు కొట్టుకుపోతుంది, తగలని చోటే పేరుకుంటుంది.

అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. 304, 316 లాగే 202కి కూడా అయస్కాంతం అతుక్కోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే మన చేతిలో ఉన్నది. రేకు మందం ఒక మిల్లీమీటరుకి తగ్గకూడదు, ఇత్తడి బిందెలు పడేచోటు కదా, 1.2 అయితే ఇంకా మంచిది. గేజి లెక్కలో చెబితే అంకె తగ్గేకొద్దీ మందం ఎక్కువ, 18 గేజి అంటే సుమారు 1.2.

రాతిపొడి, రెజిన్ కలిపి చేసిన రంగు సింకులు నీకు నచ్చాయని రాశావు. అవి ఇంటి లోపలికి బాగుంటాయి. ఎండ నేరుగా పడితే రంగు వెలిసిపోతాయి. కడప బండతో తొట్టి కట్టిద్దామని మీ అత్తగారు అంటున్నారట. గట్టిదే, చల్లగా కూడా ఉంటుంది, కానీ అది సున్నపురాయి. చింతపండుతో ఇత్తడి తోమారంటే ఆ పులుపుకి మెరుపు పోయి తెల్లబడుతుంది. గట్టు మీదికి గ్రానైటే వేయించండి, ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి అయినా సరే. నల్లరాయి ఎండకి కాలుతుంది కనుక షెడ్డు నీడ మధ్యాహ్నం దాటాక కూడా గట్టు మీద పడేలా చూసుకోండి.

సింకు అంచు గట్టు పైన కూర్చునేలా పెట్టించు. రాయి కిందనుంచి అతికించే పద్ధతి చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ ఆరుబయట ఎండకీ చలికీ, నీళ్లతో నిండిన గంగాళం బరువుకీ ఆ అతుకు నిలవదు. అంచు చుట్టూ న్యూట్రల్ సిలికాన్ పూయమను. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ రాయికీ లోహానికీ పడదు. గట్టు ముందంచు అడుగున సన్నటి గాడి తీయిస్తే నీళ్లు లోపలికి పాకకుండా అక్కడే కిందికి రాలతాయి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఇది. పని అయిపోయాక టైల్స్ మీద సిమెంటు మరకలు పోవాలని కూలీలు యాసిడ్ పోసి కడుగుతారు. ఆ పొగ తగిలితే చాలు, కొత్త సింకు రాత్రికి రాత్రే గోధుమరంగు మచ్చలు తేలుతుంది. ఇనుప చువ్వలు గ్రైండర్‌తో కోసేటప్పుడు ఎగిరే రవ్వలు కూడా సింకు మీద పడి తుప్పు మొదలుపెడతాయి. అందుకే వెల్డింగు, కోత, యాసిడ్ కడుగుడు అన్నీ అయ్యాకే సింకు పెట్టె విప్పాలి. రేపు తోమేటప్పుడు కూడా ఇనుప పీచు వద్దు, కొబ్బరి పీచు వాడండి.

కొళాయి ఇత్తడిది, గోడకి బిగించేది, మూతి తిరిగేది తీసుకో. మీ ట్యాంకు ఒక్క అంతస్తు మీదే ఉంది. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి వస్తుంది, మీకు అందులో మూడో వంతు కూడా కష్టం. స్ప్రే కొళాయిలు ఆ ఒత్తిడికి సరిగా పనిచేయవు. ఎండలో ఉన్న పీవీసీ, సీపీవీసీ పైపులు పెళుసుబారతాయి. వాటికి నీళ్లతో కలిపే ఎమల్షన్ పెయింట్ వేయించు, ఆయిల్ పెయింట్ సీపీవీసీని పాడుచేస్తుంది.

ఎత్తు మాత్రం మేస్త్రీ అలవాటుకి వదలకు. అంట్లు ఎవరు తోముతారో వాళ్లనే నిలబెట్టి కొలవాలి. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు రావాలి. సింకు లోతు పది అంగుళాలు దాటితే నడుం వంగుతుంది. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ కూర్చుని తోమడమే అలవాటంటే, పక్కనే నేల మీద నాలుగడుగుల చప్టా, చుట్టూ అడుగు గోడ, దానికో కొళాయి వేరే కట్టించు. గంగాళాలు ఎలాగూ ఏ సింకులోనూ పట్టవు.

అంతా బిగించాక జాలీ మూసి సింకు నిండా నీళ్లు పట్టి గంటసేపు ఉంచు. తర్వాత ఒక్కసారిగా వదిలి, కింద పరిచిన పాత పేపర్ తడిసిందేమో చూడు. అది పొడిగా ఉంటేనే ప్లంబర్‌కి మిగతా డబ్బులివ్వు.

రాయి కోయించే ముందు కొలతలు నాకోసారి పంపు. అల్లుడికీ పిల్లలకీ ఆశీస్సులు.

ఇట్లు,
మామయ్య