పాత డెస్క్‌టాప్‌లో ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: మాది నరసరావుపేటలో చిన్న డీటీపీ సెంటర్. 2014లో కొన్న డెస్క్‌టాప్ మీద శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తుంటాను. ఐ5 నాలుగో జనరేషన్ ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పేజ్‌మేకర్, ఫొటోషాప్, క్రోమ్ మూడూ తెరిస్తే ఇక కదలదు. ఒక మెకానిక్ ఐ7 వేయించమంటాడు, ఇంకొకాయన గ్రాఫిక్స్ కార్డు పెడితే ఫొటోషాప్ పరుగెడుతుందంటాడు. నా దగ్గర ఉన్నది ఎనిమిది వేలు. దేనికి పెట్టమంటారు?

జవాబు: ఐ7 వద్దు, గ్రాఫిక్స్ కార్డు అసలే వద్దు. ఈసారి మెషీన్ మొరాయించినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంతెంత శాతం ఉన్నాయో చూడండి. ఇక్కడి నుంచే పందెం కాస్తాను: సీపీయూ తీరిగ్గా కూర్చుని ఉంటుంది, మెమరీ 90 దాటి ఉంటుంది, డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. ఖాళీగా కూర్చున్నవాడిని తీసేసి ఇంకా పెద్ద జీతగాడిని పెట్టుకుంటే పని జరుగుతుందా?

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద హెడ్ అటూ ఇటూ జరిగి ఫైలు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకు సుమారు పది మిల్లీసెకన్లు, అంటే సెకనుకు వంద చోట్లు చూడగలిగితే గొప్ప. విండోస్ మొదలవడానికి వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు కావాలి కాబట్టి మీ టీ అయిపోయినా దాని పని అవదు. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే చిప్‌ల డ్రైవ్, అందులో తిరిగేదేమీ లేదు, సెకనుకు వేల చోట్ల నుంచి చదివేస్తుంది. ఇక ర్యామ్ సంగతి. అది చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్క్ మీద దించి, కావాల్సినప్పుడు మళ్లీ ఎత్తుకుంటుంది. అంటే ర్యామ్ చేసిన అప్పు కూడా డిస్క్ ఖాతాలోనే పడుతుందన్నమాట. అందుకే మీకు రెండూ కావాలి, ముందు ఎస్‌ఎస్‌డీ, వెంటనే ర్యామ్.

మీ బోర్డుకు కావాల్సింది రెండున్నర అంగుళాల సాటా (మీ హార్డ్ డిస్క్ వైరుకే తగిలే రకం) ఎస్‌ఎస్‌డీ, చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకం కాదు. హెచ్81 బోర్డుల్లో సాటా పోర్టులు రెండు రకాలు, కొన్ని 6 గిగాబిట్లవి, కొన్ని 3 గిగాబిట్లవి. పక్కనే సన్నగా రాసి ఉంటుంది, చూసి వేగంగా ఉన్నదానికే తగిలించండి. పాత డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేయించుకుంటే, అంటే ఉన్నది ఉన్నట్టు దించుకుంటే, మీ ఫాంట్లు, సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించే తలనొప్పి తప్పుతుంది. అయితే ఎస్‌ఎస్‌డీ చిన్నదైతే పాత జాబ్ ఫైళ్లను ముందే బయటికి తీయాలి. క్లోన్ చేసే ముందు ఆ ఫైళ్లన్నీ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పదేళ్లు దాటిన డిస్క్ అది, దాన్ని నమ్మకండి.

ర్యామ్‌లో డీడీఆర్3 అనే పాత రకం మాత్రమే పడుతుంది. డీడీఆర్4 గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది తప్ప దూరదు. మీ బోర్డుకు స్లాట్లు రెండే, గరిష్ఠంగా 16 జీబీ. 4 జీబీది ఒకే స్టిక్ అయితే పక్కన 8 జీబీది ఒకటి పెట్టండి, చాలు. దీన్ని మాత్రం సెకండ్‌హ్యాండ్‌లోనే కొనమంటాను, ఎందుకంటే రేపు కొత్త మెషీన్ తీసుకుంటే ఎస్‌ఎస్‌డీ మీతో వస్తుంది, డీడీఆర్3 రాదు. 250 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకుంటే ఈ రెండూ మీ ఎనిమిది వేల లోపే తేలిపోవాలి.

ఐ7 ఎందుకు వద్దన్నానంటే, మీ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పట్టే ఐ7 కూడా ఆ కాలం నాటిదే. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అనుమతి, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే ఎప్పటికైనా బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చక తప్పదు, మధ్యలో పాత సాకెట్ మీద పెట్టే ప్రతి రూపాయీ నీళ్ల పాలే. నేనూ ఒకప్పుడు ఇలాగే మోజుపడి సెకండ్‌హ్యాండ్ ఐ7 కొన్నాను, హార్డ్ డిస్క్ మాత్రం మార్చలేదు. బూట్ అయ్యే సమయం ఒక్క సెకను తగ్గలేదు. పేజ్‌మేకర్ 7 అయితే 2001లో వచ్చింది, దానికి మీ ఐ5 ఎక్కువే.

ప్రశ్న: సార్, వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. ఐ3-10100, హెచ్410 బోర్డు, 8 జీబీ ఒకే స్టిక్, ఎస్‌ఎస్‌డీ ఉంది. గేమ్స్ కోసం గ్రాఫిక్స్ కార్డు కొనాలి. క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, నీకు గ్రాఫిక్స్ కార్డు న్యాయమే. కానీ ముందు క్యాబినెట్ తెరిచి ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు. 16 ఉంటే 12ను 16తో హెచ్చించు, 192 వాట్లు. 450 అన్నది పైన అంటించిన అక్షరాలే, కార్డూ ప్రాసెసరూ తినేది ఈ 12 వోల్టుల లైన్ నుంచే. కార్డు గుచ్చే స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లు. ఆ లోపే సరిపెట్టుకునే కార్డులున్నాయి, ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లది, చాలా మోడళ్లకు వేరే పవర్ వైరు అక్కర్లేదు. అయినా పేరు లేని ఎస్‌ఎంపీఎస్ మీద అంత ఖరీదైన కార్డు పెట్టడం నాకిష్టం లేదు, అది కాలితే ఒక్కతే కాలదు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా దొరికిందని తొందరపడకు. దానికి పీసీఐఈ లేన్లు, అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారులు, నాలుగే, నీ బోర్డులోవి పాత పీసీఐఈ 3.0 రకం కాబట్టి చాలా గేముల్లో వేగం పడిపోతుంది. డబ్బు ఇప్పుడే సర్దుబాటు కాకపోతే ఇంకో 8 జీబీ స్టిక్ వేసి చూడు, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండో స్టిక్‌తో తేడా కనిపిస్తుంది. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, నాలుగు చోట్ల అడిగి తీసుకో. అన్నట్టు, కార్డు పెట్టాక మానిటర్ కేబుల్ కార్డుకే గుచ్చాలి. బోర్డుకు గుచ్చి కార్డు పనిచేయడం లేదని ఫోన్ చేసినవాళ్లు నాకు బోలెడుమంది.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా కంప్యూటర్‌లో తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. మదర్‌బోర్డు పోయిందంటున్నారు, కొత్తది కొనాలా?

జవాబు: మదర్‌బోర్డు మీద గుండ్రటి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, మూడు వోల్టులది. ముందు దాన్ని మార్చండి, వంద రూపాయల లోపే. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ సైట్ల సర్టిఫికెట్లను ఒప్పుకోదు, అందుకే తెరుచుకోవడం లేదు. బ్యాటరీ మార్చాక కూడా తేదీ వెనక్కి పోతే అప్పుడు మళ్లీ రాయండి.